కొండ దిగే ముందు ఆ బ్రేకుల సంగతి

చిన్నీ,

పాత సైకిల్ డిస్కు బ్రేకులు నువ్వే విప్పి బాగు చేసుకుంటున్నావనీ, అది అయ్యాక స్నేహితులతో కొండ దారి ఎక్కి దిగుతారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పానా పట్టుకోవడానికి ఎవరి కోసమూ ఎదురు చూడని పిల్లవయ్యావని ఎంత సంతోషమేసిందో! ఆ వెంటనే, ముందు బ్రేకు కీచుమంటోందనీ, ఎంత నొక్కినా సరిగ్గా ఆగడం లేదనీ చెప్పింది. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. అందుకే ఈ ఉత్తరం.

వానలో తడిసి కీచుమని, కాసేపు నొక్కగానే తగ్గిపోతే బెంగ అక్కర్లేదు. శబ్దం వస్తున్నా సైకిల్ బాగానే ఆగుతుంటే, బోల్టులు వదులయ్యాయేమో, ప్యాడ్లతో డిస్కును రెండు వైపులా నొక్కే కాలిపర్ పక్కకు జరిగిందేమో చూడాలి. శబ్దమూ వచ్చి, పట్టూ పోతే మాత్రం ముందు అనుమానించాల్సింది జిడ్డునే.

చక్రం తియ్యి, ప్యాడ్లు బయటికి తియ్యి. అది నీకు తెలుసు. చక్రం లేనప్పుడు లివర్ నొక్కకు, ప్యాడ్లను నెట్టే పిస్టన్లు ముందుకొచ్చేస్తాయి. చేతికి శుభ్రమైన గ్లోవ్స్ వేసుకో.

ఇప్పుడు మీ నాన్న కథ చెబుతాను. నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు. నువ్వు ఒళ్లో పిల్లగా ఉన్నప్పుడు ఎంతో ఇష్టపడి డిస్కు బ్రేకుల సైకిల్ కొన్నాడు. కొన్నాళ్లకు బ్రేకులు కీచుమనడం మొదలుపెట్టాయి. తలుపు బందు కిర్రుమంటే నూనె వేస్తాం కదా అనుకుని, ముందూ వెనకా రెండు డిస్కుల మీదా చైన్ ఆయిల్ చుక్కలు వేశాడు. శబ్దం ఠక్కున ఆగిపోయింది. "అక్కా, ఎంత తేలికో చూశావా" అంటూ నాకు తిప్పి చూపించాడు కూడా. చూడు, మోసమంతా అక్కడే ఉంది. ప్యాడ్ డిస్కును పట్టుకుంటూ జారుతూ అదిరినప్పుడే కదా ఆ కూత వచ్చేది. నూనె పడ్డాక పట్టుకోవడమే లేదు, ఇంక కూత ఎక్కడిది? లివర్ మాత్రం ఎప్పటిలాగే గట్టిగా తగులుతుంది కాబట్టి చేతికి అనుమానం రాదు.

మర్నాడు వాలు రోడ్డు మీద రెండు లివర్లూ చివరిదాకా నొక్కినా సైకిల్ ఆగలేదు. పక్కనున్న ఇసుక గుట్టలోకి తిప్పాడు కాబట్టి ప్రాణం దక్కింది. కాలర్ బోన్ విరిగింది. నువ్వు చేతులు చాచి ఏడుస్తుంటే ఎత్తుకోలేక, గోడ వైపు తిరిగి కూర్చునేవాడు.

అంతటితో ఆగాడా! చేతికి కట్టు ఉండగానే, నూనె కాలిపోతుందని ప్యాడ్లను స్టవ్ మంట మీద పెట్టాడు. ఇల్లంతా పొగ, ఘాటు వాసన. నువ్వు పక్క గదిలోనే పడుకుని ఉన్నావు. నేను వెళ్లి అరిచిన అరుపు వాడికి ఇప్పటికీ గుర్తుంటుంది. ఆ పొగ పీల్చకూడనిది, ఆ ప్యాడ్ నమ్మకూడనిది. రెజిన్ అనే పదార్థంతో అతికించి చేసే ప్యాడ్ లోపల సన్నని రంధ్రాలుంటాయి, నూనె వాటిలోకి ఇంకిపోతుంది. పైపైన కాల్చినా, మళ్లీ బ్రేకు వేడెక్కగానే లోపలిది పైకి వస్తుంది. పైగా ప్యాడ్‌ను వెనక రేకుకు అంటించి ఉంచే జిగురు మంటకు దెబ్బతింటుంది. ఒక ప్యాడ్ అంచు రేకు నుంచి లేచిపోవడం నా కళ్లతో చూశాను. లాక్కుని పారేశాను. మంట పెట్టి ప్యాడ్లు బాగు చేయొచ్చని నీకు ఎవరైనా చెబితే వినకు తల్లీ.

డిస్కు సంగతి వేరు. అది లోహం, నూనె పీల్చుకోదు. 90 శాతం పైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, చైన్‌కు ఎప్పుడూ తగలని గుడ్డతో తుడువు. గుడ్డకు నలుపు అంటనంత వరకూ మడత మారుస్తూ తుడుస్తూనే ఉండు. కిరోసిన్ వద్దు, అది తన జిడ్డునే వదిలిపోతుంది. మందం కూడా కొలువు. షిమానో కంపెనీ డిస్కు కొత్తప్పుడు 1.8 మిల్లీమీటర్లు ఉంటుంది, 1.5కి అరిగితే మార్చేయాలి. తిరుగుతున్న డిస్కు దగ్గరకు వేలు మాత్రం పోనివ్వకు. డిస్కుకున్న రంధ్రాల్లో పడితే వేలు తెగిపోతుంది.

ప్యాడ్లకు పైపైన మాత్రమే జిడ్డు తగిలి ఉంటే, చదునైన చోట ఎమరీ పేపర్ పరిచి, మెరుపు పోయేదాకా రుద్ది, ఆల్కహాల్‌తో తుడిస్తే సరిపోవచ్చు. మాస్కు పెట్టుకో, ఆ పొడిని నోటితో ఊదకు. కానీ నువ్వు దిగేది కొండ. ముందు చక్రానికి కొత్త ప్యాడ్లే వెయ్యి, ఇందులో నాతో వాదించకు. డిస్కు తుడవకుండా వేశావో, వాటికీ జిడ్డు అంటుకుంటుంది.

అన్నిటికంటే ముందు ఆ జిడ్డు ఎక్కడిదో కనుక్కో. చైన్‌కు స్ప్రే కొట్టినప్పుడు ఎక్కువగా వెనక డిస్కు మీద పడుతుంది. నీది ముందు బ్రేకు కాబట్టి నాకు కాలిపర్ మీదే అనుమానం. పిస్టన్ల చుట్టూ తుడిచి, లివర్ కాసేపు నొక్కి పట్టుకుని చూడు. అప్పుడు మాత్రం ప్యాడ్ల మధ్య డిస్కు గానీ, దాని బదులు పెట్టే స్పేసర్ గానీ ఉండాలి. మళ్లీ తడి కనిపిస్తే, పిస్టన్ పక్క నుంచి ఆయిల్ కారకుండా ఆపే సీలు కారుతోందన్నమాట. ఆ కాలిపర్‌తో కొండ ఎక్కనే వద్దు. బ్రేకు ఆయిల్ పోయాల్సి వస్తే లివర్ మీద ఏది రాసి ఉందో అదే పొయ్యి. మినరల్ ఆయిల్ బ్రేకులో డాట్ అనే వేరే రకం ఆయిల్ పోస్తే సీళ్లు పాడైపోతాయి.

బిగించాక బెడ్డింగ్ చెయ్యాలి, అంటే ప్యాడ్లను డిస్కుకు అలవాటు చెయ్యాలి. నీకున్న తొందరకు ఇదే ఎగ్గొడతావని నా భయం. ఖాళీగా ఉన్న చదునైన రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగం అందుకుని, ఒక్క బ్రేకే సమంగా నొక్కుతూ నడక వేగానికి తగ్గు. చక్రం బిగుసుకుపోకూడదు, పూర్తిగా ఆగకూడదు. ఒక్కో బ్రేకుకూ ఇరవై సార్లు చెయ్యి, తర్వాత ఇంకొంచెం వేగంతో పది సార్లు. మొదట పట్టు లేనట్టే ఉంటుంది, కంగారు పడకు. ప్యాడ్ పదార్థం డిస్కు మీద పల్చటి పొరలా సమంగా పరుచుకునే కొద్దీ పట్టు పెరుగుతుంది.

బోల్టు ఎంత బిగిసిందో కొలిచి చూపే నా టార్క్ రెంచ్ మీ అమ్మకు ఇచ్చి పంపుతున్నాను. షిమానో కాలిపర్ బోల్టులైతే 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు. తీసిన ప్యాడ్లు పారేయకుండా ఫొటో తీసి పంపు, చూసి చెబుతాను. బెడ్డింగ్ అయ్యాక కూడా పట్టు రాకపోతే ఫోన్ చెయ్యి, నేనే వచ్చి చూస్తాను. అప్పటిదాకా కొండ వైపు వెళ్లకు.

మీ అత్త