పాపను అప్పగించే చోట గొడవలు: మధ్యలో ఎవరుండాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. రెండేళ్ళ క్రితం విడాకులయ్యాయి. ఎనిమిదేళ్ళ పాప విజయనగరంలో అమ్మమ్మగారింట్లో, వాళ్ళమ్మ దగ్గర ఉంటోంది. రెండో, నాలుగో శనివారాలు ఉదయం నుంచి ఆదివారం సాయంత్రం దాకా పాపను నాతో పంపమని కోర్టు చెప్పింది. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర పాపను తీసుకునే ప్రతిసారీ గొడవే. ఆలస్యంగా తెస్తారు, బావమరిది మీదికొస్తాడు. కిందటి దసరా సెలవుల్లో పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ అయ్యాకే పంపుతామన్నారు. రథసప్తమికి అరసవల్లి తీసుకెళ్తానంటే ఆ రోజు మీ వంతు కాదన్నారు. నా నంబరు బ్లాక్ చేసింది. కాపురంలో ఒకసారి చెయ్యి చేసుకున్నాను, ఇప్పటికీ అదే పట్టుకుని మాట్లాడుతుంది. డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కొడుకు అక్కడ కోర్టులు పేరెంటింగ్ కోఆర్డినేటర్ అని ఒకరిని పెడతాయని చెప్పాడు. ఇక్కడ అలాంటి వాళ్ళని వేయించుకోవచ్చా? అప్పుడైనా ఆమెకు బుద్ధొస్తుందా? అసలు పాపనే ఎవరి దగ్గర ఉంటావని అడిగేస్తే సరిపోదా?

జవాబు: మీ తమ్ముడు చెప్పింది నిజమే, అలాంటి పద్ధతి ఉంది. కానీ అది ఎవరికో బుద్ధి చెప్పడానికి పెట్టింది కాదు.

విడాకులయ్యాక కూడా చీటికీ మాటికీ కోర్టుకెక్కే జంటల కోసం అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో, కెనడాలో ఈ ఏర్పాటు వచ్చింది. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో, ఎవరికి ఎన్ని రోజులో జడ్జి తేల్చేస్తారు. ఆ తీర్పును రోజువారీ బతుకులో నడిపించడం కోఆర్డినేటర్ పని. పదింటికన్న పాప పదకొండింటికి వస్తే ఏం చేయాలి, జ్వరమొస్తే వారం మార్చుకోవాలా, పండగ సెలవులు ఎలా పంచుకోవాలి, అన్నీ ఇలాంటి చిన్న తగవులే. సాధారణంగా సైకాలజిస్టో ఫ్యామిలీ లాయరో ఈ పని చేస్తారు. ఫీజు తల్లిదండ్రులే కట్టుకోవాలి. అసోసియేషన్ ఆఫ్ ఫ్యామిలీ అండ్ కన్సిలియేషన్ కోర్ట్స్ అనే సంస్థ 2005లో వీళ్ళకు మార్గదర్శకాలు రాసి, 2019లో సవరించింది. అధికారాలు మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. డల్లాస్ ఉన్న టెక్సాస్‌లో ఆ మనిషి తల్లిదండ్రులను ఒప్పందానికి తీసుకురాగలడే తప్ప కోర్టు ఆర్డరులో అక్షరం మార్చలేడు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2013 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం చిన్న విషయాల్లో నిర్ణయం కూడా చెప్పగలరు. ఒకసారి నియమిస్తే రెండేళ్ళకు మించకుండా పెడతారు.

ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు మీ తరఫు మనిషి కారు. ఆమె ఆలస్యంగా తెచ్చిందని రాసుకున్న చేత్తోనే ఆదివారం మీరు ఆలస్యంగా దింపిందీ రాసుకుంటారు. దానికి సిద్ధమైతేనే మిగతాది చదవండి.

మన చట్టంలో ఈ పేరుతో పదవి లేదు. పని జరిపించుకునే దారులు మాత్రం ఉన్నాయి. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 6వ సెక్షన్ కౌన్సెలర్ల గురించి చెబుతుంది. 12వ సెక్షన్‌ని లాయర్లు అంతగా వాడరు, నాకు అదే ముఖ్యమనిపిస్తుంది. కుటుంబ సంక్షేమం కోసం వృత్తిగా పనిచేసేవారి సాయం కోర్టు తీసుకోవచ్చని అందులో ఉంది. 'ఆరు నెలలపాటు ఈ ఏర్పాటును ఒక కౌన్సెలర్ చూసి కోర్టుకు నివేదిక ఇవ్వాలి' అని మీ లాయరు చేత పిటిషన్ వేయించండి. ఇవ్వడం ఇవ్వకపోవడం జడ్జిగారి ఇష్టం, అడగడానికి అడ్డేమీ లేదు. లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గర మధ్యవర్తిత్వానికి వెళ్ళండి. ఆ సంస్థల హెల్ప్‌లైన్ 15100.

మన ఊళ్ళలో పెద్దమనుషులు చేసేది ఇదే కదా అంటారేమో. కాదు. పెద్దమనుషులు తప్పెవరిదని మొదలుపెడతారు, ఆ ముచ్చట కాపురం పెట్టిన రోజుదాకా పోతుంది. పైగా వాళ్ళు ఎవరో ఒకరికి వేలువిడిచిన మేనమామ అయి ఉంటారు. ఇద్దరికీ చుట్టరికం లేని రిటైర్డ్ మాస్టారెవరైనా దొరికి, ఆమె కూడా సరేనంటే ఆలోచించొచ్చు.

మధ్యలో ఎవరున్నా, కాగితం సరిగ్గా లేకపోతే వాళ్ళు చేసేదేమీ ఉండదు. మీ గొడవలన్నీ ఆర్డరు నోరు మెదపని చోటే వస్తున్నాయి చూడండి. శనివారాలున్నాయి, పండగల్లేవు. 2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో పేరెంటింగ్ ప్లాన్ (పిల్లల ఏర్పాట్లన్నీ ముందే రాసుకునే కాగితం) గురించి రాసింది ఇందుకే. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద విడాకుల తర్వాత కూడా పిల్లల ఏర్పాట్లు మార్చమని అడగొచ్చు. పండగలను తేదీలతో కాక పేర్లతో రాయించండి, ఏటా పంచాంగం మారుతుంది కదా. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను, ముందురోజు తొలేళ్ళు. విజయనగరం పిల్లను ఆ రెండు రోజులూ ఊరు దాటించాలనుకోవడం, నన్నడిగితే, మీదే తొందర. అవి వాళ్ళకి వదిలేయండి. రథసప్తమి మీకు రాయించుకోండి. భోగి, సంక్రాంతి, కనుమ ఒక ఏడు అక్కడ, ఒక ఏడు ఇక్కడ.

కాంప్లెక్స్ దగ్గర అప్పగింతలు మానేయండి. నలుగురూ చూస్తుంటే బావమరిదికీ మీకూ ఇద్దరికీ పౌరుషమొస్తుంది, మధ్యలో బ్యాగు తగిలించుకుని నిలబడేది పాప. శనివారం పొద్దున్నకు బదులు శుక్రవారం సాయంత్రం బడి వదిలే వేళకు మీరు తీసుకెళ్ళేలా, సోమవారం ఉదయం బడి దగ్గరే దింపేలా అడిగి చూడండి. అప్పుడు మీరిద్దరూ ఎదురుపడే పనే ఉండదు. ఆమె ఒప్పుకుని కోర్టు మారిస్తే ఆ ఆర్డరు కాపీ హెడ్మాస్టరు గారికి ఇవ్వాలి.

ఫోన్ విషయంలో మీ పక్షాన ఒక గట్టి మాట ఉంది. కస్టడీ దక్కని తల్లి లేదా తండ్రికి బిడ్డతో రోజూ ఐదు పది నిమిషాలు మాట్లాడే హక్కు ఉండాలని 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు అంది. మాట్లాడే వేళ, ఏ ఫోన్‌కి చేయాలో రాయించుకోండి. ఆమె ఫోన్‌కి కాకుండా అమ్మమ్మగారి ఫోన్‌కి చేస్తానంటే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

చెయ్యి చేసుకున్న సంగతి మీరు ఒక ముక్కలో దాటేశారు. ఆమె దాటలేదు, నంబరు బ్లాక్ చేయడానికి అదే కారణం కావచ్చు. నేను చెప్పిన మార్గదర్శకాల్లో కూడా ఇంట్లో హింస జరిగిందా అన్నది కోఆర్డినేటర్ ముందే విచారించాలని ఉంది. భయపడే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి రాజీ చేయించడం రాజీ కాదు. కాబట్టి కౌన్సెలర్ దగ్గర విడివిడిగా మాట్లాడతామని మీరే ముందు చెప్పండి. జరిగింది ఒప్పుకోండి, 'ఒకసారే కదా' అనకండి. ఆమె రాతపూర్వకంగానే మాట్లాడతానంటే సరేననండి. ఒకే ఈమెయిల్ పెట్టుకుని, పాప బడి, ఆరోగ్యం, రాకపోకలు తప్ప ఇంకే మాటా అందులో రాయొద్దు.

ఇక పాపను అడగడం గురించి. అడగొద్దు. ఎవరి పేరు చెప్పినా రెండో వాళ్ళకు ద్రోహం చేశానని ఆ పిల్ల దిగులు పడుతుంది. అవసరమైతే జడ్జిగారే ఛాంబర్లో కూర్చోబెట్టుకుని మాట్లాడతారు. సొంతంగా ఆలోచించే వయసుంటే బిడ్డ ఇష్టాన్ని పరిగణనలోకి తీసుకోవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోనే ఉంది. శనివారం రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని 'మీ అమ్మ నా గురించి ఏమంటోంది' అని అడిగే అలవాటు మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే, మీ అమ్మగారితో సహా, వాళ్ళకీ ఈ సంగతి ఇప్పుడే చెప్పేయండి.