మిర్చి లాట్ల సెర్చ్: రకం ఖాళీగా వదిలితే సున్నా రిజల్ట్స్

వరంగల్ ఏనుమాముల మార్కెట్ మిర్చి లాట్ల సెర్చ్‌లో రకం బాక్స్ ఖాళీగా వదిలి, ధర 15000 కొడితే ఒక్క లాట్ కూడా రావట్లేదని మీరన్నారు. తిప్పలంతా ఆ ఖాళీతోనే. ఫారం నుంచి వచ్చేది నల్ (విలువే లేకపోవడం) కాదు, ఖాళీ స్ట్రింగ్ (అక్షరాల్లేని టెక్స్ట్). మీ నల్ చెక్ దాన్ని పట్టుకోదు, క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) పోయి పేరే లేని మిర్చిని వెతుకుతుంది.

1. ప్రతి విలువనూ ముందు ట్రిమ్ చేయండి, అంటే అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసేయండి. ఏమీ మిగలకపోతే ఆ షరతే చేర్చొద్దు.

2. షరతులకు ఒక లిస్ట్, విలువలకు ఒక లిస్ట్. విలువలు వరస ప్రకారమే షరతుల్లో కూర్చుంటాయి. చాలామంది జారేది ఇక్కడే: రెండూ ఒకే ఇఫ్ లోపల చేర్చాలి. రకం షరతు తీసేసి దాని ఖాళీ విలువను లిస్టులో మరిచిపోతే, అది పోయి ధర స్థానంలో కూర్చుంటుంది. మీరు ధరకు కొట్టిన 15000 గాల్లో వేలాడుతుంది.

3. చివర్లో షరతుల్ని ‘అండ్’తో కలపండి. లిస్ట్ ఖాళీ అయితే ‘వేర్’ (షరతులు మొదలయ్యే మాట) రాయొద్దు. ఎప్పుడూ నిజమయ్యే ‘1=1’ షరతు పెట్టినా నడుస్తుంది, నాకైతే నచ్చదు.

విలువల్ని క్వెరీ స్ట్రింగ్‌లో అతికించకండి, పారామీటర్లుగానే, అంటే క్వెరీతో పాటు విడిగా పంపండి. సార్టింగ్ కాలమ్ పేరు మాత్రం అలా పోదు. ధర, తేదీ, బస్తాలు అని కోడ్‌లో మీరు రాసిపెట్టుకున్న పేర్లలోంచే తీసుకోండి.