మెట్రో పనులను పర్యావరణ కేసుతో ఆపగలమా?

"విశాఖలో స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా మెట్రో వస్తే మద్దిలపాలెంలో మా ప్రహరీ, రోడ్డు పక్క చెట్లు పోతాయంటున్నారు. పర్యావరణ అనుమతి లేదని కేసు వేస్తే ఆగుతుందా?" అని అడిగారు.

ఆ ఒక్క పాయింటు మీదే ఆశ పెట్టుకోకండి. ఏ ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి కావాలో చెప్పే 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ జాబితాలో హైవేలు, పోర్టులు, విమానాశ్రయాలు ఉన్నాయి గానీ రైలు మార్గాలు లేవు. 20,000 చదరపు మీటర్లు దాటే భవనాలకు మాత్రం అనుమతి కావాలి. డిపో, పెద్ద స్టేషన్ల సంగతి ఆ కోణంలో లాయరుగారిని అడగండి.

స్టే కూడా తేలిక కాదు. 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం మార్చాక, ప్రజా రవాణా లాంటి ప్రాజెక్టులు ఆలస్యమయ్యేలా సివిల్ కోర్టు ఇంజంక్షన్ (పనులు ఆపే ఉత్తర్వు) ఇవ్వడానికి లేదు. ముంబైలో ఆరే అనే చోట మెట్రో డిపో కోసం చెట్లు కొట్టొద్దని వేసిన పిటిషన్లను 2019 అక్టోబరు 4న హైకోర్టు కొట్టేసింది, ఆ రాత్రే రంపాలు దిగాయి. 7న సుప్రీంకోర్టు ఆపమనేసరికి రెండు వేలకు పైగా చెట్లు నేలకూలాయి. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఎందుకంటే మా ఇంట్లోనూ ఓ చెట్టు అలాగే పోయింది. కొన్నేళ్ల కిందట రోడ్డు వెడల్పుకని మా గోడ మీద ఎర్రరంగు గీత గీసి, పక్కన "3.2" అని రాసి వెళ్లారు. నాన్నగారు నాటిన నేరేడు సరిగ్గా ఆ గీత లోపల పడింది. మేం పర్యావరణం పేరుతో కేసు వేద్దామని లాయర్ల చుట్టూ తిరుగుతూ భూసేకరణ నోటిఫికేషన్ చూసుకోలేదు. 2013 భూసేకరణ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ తేదీ నుంచి 60 రోజుల్లోపు కలెక్టరుగారికి రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. ఇచ్చినవాళ్లను పిలిచి, వాళ్ల మాట వినాలి. మేం వెళ్లేసరికి గడువు దాటిపోయింది. నాలుగిళ్ల అవతల పెద్దావిడ మాత్రం సర్వే నంబరు, టేపు కొలతలు, ఫొటోలు జతచేసి టైముకి ఇచ్చారు. మళ్లీ కొలిచి ఆవిడ వీధిమెట్లు వదిలేశారు.

మెట్రో రావాలనే నా కోరిక కూడా. కానీ మీ హద్దు కొలతలు ఇప్పుడే తీసి పెట్టుకోండి. పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తుతో మీ వీధిలో మెట్రో ఎటు వెళ్తుందో చూపే అలైన్‌మెంట్ మ్యాపు, వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద చెట్లు కొట్టడానికి ఇచ్చిన అనుమతి, బదులు నాటాల్సిన మొక్కల లెక్క అడగండి. విదేశీ అప్పుతో కట్టే మెట్రోలకు అప్పిచ్చేవాళ్ల షరతు మీద ఈఐఏ రిపోర్టు రాయిస్తారు. అలాంటిది ఉంటే అదీ అడగండి. నోటిఫికేషన్ వచ్చిన వారంలోనే అభ్యంతరం ఇవ్వండి. మీ కాపీ మీద తేదీతో సీలు పడకుండా ఆ ఆఫీసు గడప దాటకండి.