చేప పడలేదని కాదు, బోటు సరిగ్గా ఇవ్వలేదని అడగండి

ప్రశ్న: మేడమ్ నమస్తే. మాది మలక్‌పేట. నేను, ముగ్గురు ఫ్రెండ్స్ పోయిన ఫిబ్రవరిలో అండమాన్ వెళ్ళాం, పెద్ద చేపల్ని గేలంతో పట్టే స్పోర్ట్ ఫిషింగ్ కోసం. స్వరాజ్ ద్వీప్ దగ్గర చార్టర్ బోటు మూడు రోజులకి 2,40,000కి మాట్లాడుకుని మొత్తం ముందే నా యూపీఐ నుంచి కట్టేశాం. రెండు ఇంజన్ల బోటు అన్నాడు, జీటీ (జెయింట్ ట్రెవల్లీ) గానీ నెమలికోనం (సెయిల్‌ఫిష్) గానీ పడటం గ్యారంటీ అని వాట్సాప్‌లో రాశాడు. మొదటి రోజు ఎనిమిది గంటల ట్రిప్‌లో మూడు గంటలు గడవగానే ఒక ఇంజన్ ఆగిపోయి వెనక్కి వచ్చేశాం. రెండో రోజు ఇంకేదో చిన్న బోటు పంపాడు, బోటువాళ్ళతో కలిపి ఆరుగురం ఉంటే లైఫ్ జాకెట్లు నాలుగే. ఆరోజే మావాడి వేలికి గేలం దిగింది, ఫస్ట్ ఎయిడ్ బాక్స్ లేదు, ఒడ్డుకి రావడానికి రెండు గంటలు పట్టింది, హైదరాబాద్ వచ్చాక చిన్న ఆపరేషన్ కూడా అయింది. మూడో రోజు వాతావరణం బాలేదని క్యాన్సిల్. చేప ఒక్కటి కూడా పడలేదు. పైగా రాడ్ విరిగిందని 35,000 డిపాజిట్ ఉంచేసుకున్నాడు. అడిగితే మీరు సంతకం పెట్టిన కాగితంలో నో రీఫండ్ అని ఉంది, కేసేస్తే పోర్ట్ బ్లెయిర్‌లోనే వేసుకోండి అంటున్నాడు. మాకేమైనా దారి ఉందా?

జవాబు: దారి ఉందండి, గట్టిదే ఉంది. కాకపోతే మీరు చెప్పుకునే వరస మార్చాలి. మీ లెటర్లో చేప పడలేదన్న బాధే ఎక్కువ కనిపిస్తోంది, వినియోగదారుల కమిషన్ ముందు అది మొదట పెట్టారా కేసు బలహీనమైపోతుంది. జీటీ, అదే మన పార చేపల జాతిలో పెద్దది, దానికోసం పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాపర్ (నీటి మీద చప్పుడు చేసే నకిలీ ఎర) విసురుతూనే ఉండి ఒక్క తగులు కూడా లేకుండా తిరిగొచ్చిన రోజులు ఎంత అనుభవం ఉన్నవాళ్ళకైనా ఉంటాయి, సముద్రంలో చేప ఎవరి చేతిలోనూ ఉండదు. మీరు డబ్బు కట్టింది చేపకి కాదు, ఫలానా బోటు, ఫలానా సిబ్బంది, ఇన్ని గంటలు అనే సర్వీసుకి. ఆ సర్వీసు అందలేదు, మీ కేసు అదీ. గ్యారంటీ అని వాట్సాప్‌లో రాసిన మెసేజ్ మాత్రం డిలీట్ చేయకండి, ఇవ్వలేని దాన్ని ఇస్తానని చెప్పి డబ్బు తీసుకోవడం వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది, దాన్ని రెండో పాయింటుగా వాడదాం.

మొదటి పాయింటు ఇంజన్. రెండు ఇంజన్లు అనేది బ్రోచర్లో గొప్పకి రాసుకునే మాట కాదు, ఒడ్డు కనపడనంత దూరం వెళ్ళినప్పుడు ఒకటి ఆగినా రెండోదాంతో ఇంటికి రావచ్చు అనే ధైర్యానికే ఎవరైనా ఆ రేటు ఇచ్చేది. మొదటి రోజు మీరు వెనక్కి రాగలిగింది ఆ రెండోది పనిచేసింది కాబట్టే. అలాంటిది మర్నాడు మాట్లాడుకున్న బోటు కాకుండా చిన్నది పంపడం, అందులో ఆరుగురికి నాలుగు జాకెట్లు ఇవ్వడం చూస్తే నాకు నిజంగా కోపం వచ్చింది. డబ్బు సంగతి తర్వాత, ఆ పూట అలకి బోటు తిరగబడి ఉంటే ఇద్దరికి జాకెట్ లేదు. సెక్షన్ 2(11) చెప్పే సేవాలోపానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ వెతకక్కర్లేదు. అంతేకాదు, కిరాయికి మనుషుల్ని ఎక్కించుకుని ప్రాణాపాయం కలిగేలాంటి స్థితిలో ఉన్న, లేదా ఓవర్‌లోడ్ అయిన పడవలో తెలిసీ గానీ నిర్లక్ష్యంగా గానీ తీసుకెళ్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 284 కింద నేరం, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. మీరు క్రిమినల్ కేసు పెట్టమని నేను ఇప్పుడే చెప్పను, అది అక్కడి పోలీస్ స్టేషన్లో తేలాలి, డబ్బు దాంతో రాదు, కానీ నోటీసులో ఈ సెక్షన్ ప్రస్తావించండి.

ఇక పోర్ట్ బ్లెయిర్, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, అక్కడికే రావాలి అనే బెదిరింపు. అక్కర్లేదు. పాత 1986 చట్టంలో అవతలి పార్టీ ఉన్న చోటో, లావాదేవీ జరిగిన చోటో వేయాల్సి వచ్చేది, 2019 చట్టం సెక్షన్ 34లో ఫిర్యాదుదారు నివసించే చోట లేదా పనిచేసుకునే చోట కూడా వేయొచ్చని చేర్చారు. మీది మలక్‌పేట కాబట్టి హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్. మరి కాగితంలో పోర్ట్ బ్లెయిర్ కోర్టులు మాత్రమే అని సంతకం పెట్టాం కదా అంటారేమో. దీనికి మన ఊరి కేసే ఉంది. 2007 డిసెంబర్లో పొగమంచు వల్ల ఢిల్లీ నుంచి హైదరాబాద్ విమానం బాగా ఆలస్యమైతే ఒక ప్రయాణికుడు ఇక్కడి శాశ్వత లోక్ అదాలత్‌కి (రవాణా లాంటి ప్రజా సేవల వివాదాలు తేల్చే వేదిక) వెళ్ళాడు, విమాన సంస్థ ఏమో మా టికెట్ షరతుల్లో ఢిల్లీ కోర్టులే అని ఉంది అంది. 2011లో సుప్రీంకోర్టు, లోక్ అదాలత్ సివిల్ కోర్టు కాదు కాబట్టి ఆ షరతు దానికి అడ్డురాదని తేల్చింది. కన్స్యూమర్ కమిషన్ విషయంలో కూడా మనం ఇదే వాదిస్తాం, పైగా ఈ చట్టం మిగతా చట్టాలకి అదనంగా ఉన్న రక్షణ అని సెక్షన్ 100 చెప్తోంది.

అయితే ఆ తీర్పులో ఇంకో సగం కూడా ఉంది, మీకు అది కూడా చెప్పాలి. పొగమంచు సంస్థ చేతిలో లేని విషయం, దానివల్ల ఆలస్యమైనందుకు నష్టపరిహారం కట్టక్కర్లేదని చెప్పి, లోక్ అదాలత్ ఇచ్చిన పరిహారాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. మీ మూడో రోజుకి ఇది తగులుతుంది. నిజంగా సముద్రం బాలేకపోతే బోటు ఆపడమే కరెక్టు, ఆరోజుకి మానసిక క్షోభ అని లక్షలు అడగకండి, కమిషన్ కూడా మెచ్చదు. కానీ తీసుకున్న డబ్బు వేరే సంగతి. చేయడం అసాధ్యమైపోయిన ఒప్పందం కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 56 కింద చెల్లకుండా పోతుంది, అప్పుడు అందుకున్న లాభం తిరిగివ్వాలని సెక్షన్ 65 అంటుంది. బోటు కదల్లేదు, డీజిల్ కాలలేదు, ఆ 80,000 ఏ హక్కుతో ఉంచుకుంటాడు? వాతావరణం బాలేకపోతే ఇంత శాతమే వాపసు అని ముందే స్పష్టంగా రాసి ఉంటే లెక్క మారొచ్చు, అందుకే ఆ కాగితం మొత్తం స్కాన్ చేసి పంపండి.

అసలు ఆరోజు వాతావరణం బాలేదా అన్నది కూడా చూడండి. సముద్రం పరిస్థితి, అలల ఎత్తు, గాలి ముందే చెప్పే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ మన హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లో ఉంది. ఆరోజు అండమాన్ సముద్రానికి హై వేవ్ అలర్ట్ ఏమైనా ఇచ్చారా అని పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ వేయండి, మామూలుగా ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. మత్స్యకారులకి వాతావరణ శాఖ ఇచ్చే హెచ్చరికలు కూడా అలాగే అడగొచ్చు. ఆరోజు ఏ హెచ్చరికా లేదని తేలితే, పక్క బోట్లు వేటకి వెళ్ళాయని మీ దగ్గర ఫోటో ఒకటి ఉంటే, ఇక వాతావరణం అన్నమాట నిలబడదు, బోటు రిపేర్ కాలేదు కాబట్టే ఆపాడని వాదించొచ్చు.

సంతకం పెట్టిన ఆ కాగితం (రిస్క్ మాదే అని ఒప్పుకునే డిక్లరేషన్) చూసి గాయపడిన మీవాడు భయపడక్కర్లేదు. చేపల వేటలో సహజంగా ఉండే ప్రమాదం ఒకటి, బోటువాడి నిర్లక్ష్యం ఇంకొకటి. 2022లో విశాఖ పరవాడ వైపు వేటకెళ్ళిన మత్స్యకారుడు కొమ్ముకోనం పొడిచి చనిపోయాడు, అంత పెద్ద చేపతో పెట్టుకుంటే ఆ రిస్క్ ఉంటుందని ఒప్పుకుని సంతకం పెట్టడం అర్థం చేసుకోవచ్చు. గేలం గుచ్చుకోవడం కూడా ఆ కోవలోకే వస్తుందని వాళ్ళ లాయర్ అంటాడు, అందులో కొంత నిజం ఉంది. కానీ ఫస్ట్ ఎయిడ్ బాక్స్ లేకపోవడం, ఆ చిన్న బోటుతో రెండు గంటలు రక్తం కారుతూ రావడం ఏ రిస్క్‌లోకీ రాదు. కాబట్టి గేలం దిగినందుకు కాదు, దిగిన తర్వాత జరిగినదానికి అడగండి. ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గర ఆలస్యం వల్ల గాయం ముదిరిందా, వేలు ఎంతవరకు వంగుతోంది అని రాయించుకోండి, ఉత్త బిల్లులు చాలవు. ఇక నో రీఫండ్ షరతే అన్యాయమని రద్దు చేయించాలంటే అది స్టేట్ కమిషన్, నేషనల్ కమిషన్ల పరిధి, జిల్లా కమిషన్‌కి ఆ అధికారం లేదు. మనకి అంత దూరం అక్కర్లేదు, సేవాలోపం అని అడిగితే జిల్లా స్థాయిలోనే రీఫండ్ ఆర్డర్ ఇవ్వొచ్చు. నో రీఫండ్ అన్నది సర్వీసు ఇచ్చినవాడు చెప్పుకోవాల్సిన మాట కదండీ.

రాడ్ సంగతికొస్తే, కిరాయికి తీసుకున్న వస్తువు కాంట్రాక్ట్ చట్టంలో బెయిల్‌మెంట్ కింద వస్తుంది. మీ సొంత వస్తువైతే ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో అంత చూసుకుంటే చాలు, ఆ తర్వాత విరిగితే వేరే ఒప్పందం లేనంతవరకు మీ బాధ్యత కాదు, సెక్షన్ 151, 152 అవే. పాత రాడ్ అయి ముందే పగులు ఉంటే సెక్షన్ 150 ప్రకారం కిరాయికి ఇచ్చినవాడిదే బాధ్యత. ఎలా విరిగిందో నలుగురూ గుర్తు తెచ్చుకుని రాయండి, బోటు అంచుకి ఆనించి లాగారా, మామూలుగా వాడుతుంటేనే విరిగిందా అన్నది ముఖ్యం. ఒకవేళ మీ తప్పే అయినా అతనికి జరిగిన అసలు నష్టం ఎంతో చూపించాలి, కొన్న బిల్లు, ఎన్నేళ్ళు వాడాడు అవన్నీ. డిపాజిట్ ఉంది కదా అని మొత్తం మింగేయడానికి సెక్షన్ 74 ఒప్పుకోదు.

నా లెక్క చెప్తాను. రోజుకి 80,000 పడింది. మొదటి రోజు పోయిన ఐదు గంటలకి 50,000, రెండో రోజు మొత్తం, మూడో రోజు మొత్తం, డిపాజిట్ 35,000, కలిపి 2,45,000. రెండో రోజు మీరు బోటు ఎక్కి వెళ్ళారు కదా అని కమిషన్ కొంత తగ్గించొచ్చు, అడగడం మాత్రం పూర్తిగా అడగండి. దీనిమీద వడ్డీ, వైద్యం ఖర్చు, పరిహారం, కేసు ఖర్చులు విడిగా. మీరు కట్టిన మొత్తం ఐదు లక్షల లోపే కాబట్టి ఫైలింగ్ ఫీజు లేదు. ముందు స్పీడ్ పోస్టులో, ఈమెయిల్లో పదిహేను రోజుల నోటీసు ఇవ్వండి, మధ్యలో ట్రావెల్ ఏజెంట్ ఎవరైనా డబ్బు తీసుకుని ఉంటే అతన్నీ పార్టీగా చేర్చండి. జవాబు రాకపోతే ఈ-జాగృతి పోర్టల్లో ఫైల్ చేయొచ్చు, వీడియోలో విచారణకి అడగొచ్చు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా. డబ్బు కట్టింది మీరొక్కరే అయినా సర్వీసు నలుగురిది, నలుగురూ ఫిర్యాదుదారులుగా ఉండండి. అవతలివాళ్ళు నోటీసు అందాక ముప్ఫై రోజుల్లో, మహా అయితే ఇంకో పదిహేను రోజుల్లో జవాబు వేయాలి, ఆ 45 రోజులు దాటితే తీసుకోరని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో చెప్పేసింది. చట్టంలో మూడు నెలల్లో తేల్చాలని ఉంది గానీ మీరు ఏడాది పైనే పడుతుందనుకుని సిద్ధపడండి.

ఫోన్లు మార్చే ఆలోచన ఉంటే ఆగండి. వాట్సాప్ చాట్, యూపీఐ రసీదు, బోటులో తీసిన వీడియోలు, ఫోన్లో లొకేషన్ హిస్టరీ ఆన్‌లో ఉంటే అది, అన్నీ ఒరిజినల్ ఫోన్లోనే ఉండాలి. కమిషన్లో సాక్ష్య చట్టం అంత బిగుతుగా పట్టించుకోకపోయినా భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ ఆధారం అసలైనదని ధ్రువీకరించే కాగితం) జతచేస్తే అవతలివాళ్ళకి నోరెత్తే సందు ఉండదు. నాలుగు జాకెట్లే కనిపించే వీడియో ఉంటే దాన్ని ఫార్వర్డ్ చేసిన కాపీ కాదు, తీసిన ఫోనే చూపించాలి. గడువు రెండేళ్ళు, ట్రిప్ అయిన తేదీ నుంచి, వినియోగదారుల చట్టం సెక్షన్ 69. అతను రేపిస్తా ఎల్లుండిస్తా అని ఫోన్లో తిప్పుతూ ఉంటే గడువు ఆగదు, ఈ వారమే నోటీసు పోస్టు చేసి డెలివరీ అయినట్టు రుజువు నాకు పంపండి.