ఫోన్ ఉండగా పాటల కోసం విడిగా ప్లేయర్ కొనవచ్చా: మూడు వారాల వాడకం తరువాత నా సమాధానం

ఒడిశాలోని రాయగడ నుంచి మీరు రాసిన ప్రశ్న సారాంశం ఇది: మీ నాన్నగారికి డెబ్భై ఏళ్లు దాటాయి, స్మార్ట్‌ఫోన్ ఆయనకు అలవాటు కాలేదు, ఇంట్లో ఉన్న పాత కేసెట్లను కంప్యూటరులోకి ఎక్కించి ఒక చిన్న మ్యూజిక్ ప్లేయర్‌లో వేసి ఆయన చేతికి ఇవ్వాలని మీ ఆలోచన, అందులో తెలుగు, ఒడియా పాటల పేర్లు సరిగ్గా కనిపిస్తాయా అన్నది మీ సందేహం. ఇదే పనిని నేను పర్లాకిమిడిలో మా అమ్మ కోసం చేసి మూడు వారాలైంది. నిస్సందేహంగా కొనవచ్చు. అయితే ప్లేయర్‌కు పెట్టే డబ్బు కంటే, దానిలో వేసే మెమరీ కార్డును సిద్ధం చేయడానికి పెట్టే శ్రమ ఎక్కువ అన్న సంగతి ముందే తెలిసి ఉండాలి. ఆ శ్రమ పడకుండా ఇస్తే అది వారం రోజుల్లో బీరువాలోకి చేరుతుంది.

నేను తీసుకున్నది ఆండ్రాయిడ్ లేని, బొత్తాలతో పనిచేసే చిన్న రకం. ధర ఐదు వేల లోపే. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదిగా, పలుచగా ఉంటుంది. పైన ఇయర్‌ఫోన్ పెట్టుకునే 3.5 మిల్లీమీటర్ల రంధ్రం, కింద టైప్-సి చార్జింగ్, పక్కన మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టే చోటు ఉన్నాయి. 2022లో ఆపిల్ సంస్థ ఐపాడ్ తయారీని నిలిపివేసిన తరువాత ఇటువంటి వస్తువులే మార్కెట్లో లేవనుకునేవారు మన వైపు చాలామంది ఉన్నారు కానీ అది నిజం కాదు. పెట్టె తెరిచి అమ్మ చేతిలో పెట్టగానే ఆమె మొదట చేసిన పని కళ్లు మూసుకుని బొత్తాలను వేలితో తడిమి చూడడం. పాట ఆపే బొత్తం మిగతావాటి కంటే కాస్త ఉబ్బెత్తుగా ఉండడంతో రెండో రోజుకే తెర చూడకుండా వాడగలిగారు. టచ్ తెర ఉన్న ప్లేయర్ కొని ఉంటే ఫోన్‌తో వచ్చిన ఇబ్బందే మళ్లీ వచ్చేది. మీ నాన్నగారి విషయంలో నేను అన్నిటికంటే ముందు చూడమనేది ఈ బొత్తాలనే. ధ్వని నాణ్యత ఆ తరువాతి మాట.

ధ్వని గురించి మీరు అడిగారు కనుక చెబుతున్నాను. మా ఇంట్లో ఉన్నవి మా నాన్నగారు టూ-ఇన్-వన్ సెట్టు మీద ఆకాశవాణి నుంచి రికార్డు చేసుకున్న కేసెట్లు: హరికథలు, తెల్లవారుజామున వచ్చే భక్తిగీతాలు, కొన్ని ఒడిస్సీ పాటలు. వీటితో పాటు ఆయన ఉద్యోగరీత్యా గుమ్మ అనే ఊరి వైపు తిరిగిన రోజుల్లో సంతలో పట్టిన సవర గిరిజనుల పాటలు రెండు కేసెట్ల నిండా ఉన్నాయి. ఇటువంటి ధ్వనిలో మనకు వినిపించే బుసబుస టేపుదే తప్ప ప్లేయర్‌ది కాదు. ఆ సంగతి తేల్చుకోవడానికి, కొత్తగా కొన్న సీడీ నుంచి తీసిన ఒక వీణ కచేరీని అదే ఇయర్‌ఫోన్‌తో విన్నాను. తీగ మీటిన తరువాత నాదం పూర్తిగా ఆగిపోయేవరకు వెనుక ఏ చప్పుడూ లేదు. ఈ ధరకు అంతకు మించి అడగనక్కరలేదు. పెద్ద ప్లేయర్లలో ఉండే 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ వంటివి కేసెట్ పాటలకు ఏ మాత్రం ఉపయోగపడవు కనుక వాటికి డబ్బు పెట్టకండి.

ఆ డబ్బును, లేదా కనీసం ఆ సమయాన్ని, కేసెట్లను ఎక్కించే దశలో పెట్టండి. ఇక్కడ చేసిన పొరపాటును తరువాత ఏ ప్లేయరూ దిద్దలేదు. ముందుగా టేప్ రికార్డరు హెడ్డును, అంటే టేపు ఆనుకుని కదిలే లోహపు భాగాన్ని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో తుడవండి. తరువాత, హెడ్డు పక్కన ఉండే చిన్న మరను (స్క్రూను) కేసెట్టు పాడుతుండగా చాలా కొద్దిగా అటూ ఇటూ తిప్పి, తాళాల చప్పుడు, 'స', 'శ' వంటి అక్షరాలు ఎక్కడ అన్నిటికంటే స్పష్టంగా వినిపిస్తాయో అక్కడ ఆపండి. రికార్డు చేసిన సెట్టు హెడ్డు వాలు ఒక రకంగా, ఇప్పుడు పాడించే సెట్టు హెడ్డు వాలు ఇంకొక రకంగా ఉంటే పై స్వరాలన్నీ మందగించి గొంతు దుప్పటి కింది నుంచి వస్తున్నట్టు ఉంటుంది. మా కేసెట్లు చెడిపోయాయని పదేళ్లుగా నేను అనుకున్నది ఈ వాలు తేడా వల్లనే. మొదటి ఎనిమిది కేసెట్లు ఈ సంగతి తెలియకుండా ఎక్కించి, తెలిసిన తరువాత మళ్లీ మొదటినుంచీ ఎక్కించాను. వినిపించిన తేడాకు అమ్మ కళ్లు తుడుచుకున్నారు, ఎందుకంటే ఒక హరికథ చివర మా నాన్నగారు రికార్డరు ఆపబోతూ దగ్గిన చప్పుడు కూడా అందులో పడింది.

ఇక లెక్కలు. 90 నిమిషాల కేసెట్టులో ఒక వైపు 45 నిమిషాలు. సీడీ స్థాయిలో, అంటే సెకనుకు 44,100 నమూనాలతో, 16 బిట్లతో స్టీరియోగా పట్టితే నిమిషానికి పది ఎంబీకి పైగా, ఒక వైపుకు సుమారు 476 ఎంబీ అవుతుంది. రేడియో నుంచి పట్టినవి మోనో కనుక మోనోగానే ఉంచితే అందులో సగం. ఫ్లాక్ పద్ధతిలో దాచితే ధ్వనిలో ఏమీ పోకుండా ఇంకా తగ్గుతుంది. ఎంపీత్రీలో సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున అయితే నిమిషానికి ఒక ఎంబీ లోపే. ఫ్లాక్ ప్రతిని కంప్యూటరులో, మరొక ప్రతిని వేరే డిస్కులో భద్రపరచి, ప్లేయర్‌లో ఏది వేసుకున్నా ఫరవాలేదు. నేను ప్లేయర్‌లో కూడా ఫ్లాక్ వేయడానికి ఒక కారణం ఉంది: ఎంపీత్రీ తయారయ్యేటప్పుడు ఫైలు మొదట్లోనూ చివర్లోనూ కొద్దిపాటి నిశ్శబ్దం చేరుతుంది, దాన్ని తొలగించి కలిపే తెలివి చిన్న ప్లేయర్లన్నిటికీ ఉండదు, అందువల్ల హరికథను ముక్కలుగా చేసి వేస్తే పద్యం మధ్యలో తుంపు పడుతుంది.

కార్డు దగ్గర నాకు ఒక పూట వృథా అయింది. 64 జీబీ కార్డు పెట్టగానే చదవలేనని ప్లేయర్ చెప్పింది. కార్డులో ఫైళ్లను అమర్చే పద్ధతులు వేరువేరుగా ఉంటాయి: 32 జీబీకి మించిన కార్డులు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి, చాలా చిన్న ప్లేయర్లకు ఫ్యాట్32 మాత్రమే తెలుసు. కంప్యూటరు జోలికి పోకుండా ప్లేయర్‌లోనే ఉన్న ఫార్మాట్ ఎంపికను నొక్కితే సరిపోయింది, కార్డులో అప్పటికి ఏమీ లేదు కనుక నష్టమూ లేదు. మరొక సంగతి, పాటల వరుస. కొన్ని ప్లేయర్లు ఫైలు పేరును బట్టి వరుస పెడతాయి, కొన్ని కార్డులోకి ఏది ముందు చేరితే దాన్ని ముందు పాడతాయి. పేర్ల ముందు 01, 02 అని రెండంకెలు వేసి, ఒక్కొక్క అరను (ఫోల్డరును) వరుసగా ఎక్కించితే రెండు రకాలకూ సరిపోతుంది. ఒకటే అంకె వేస్తే 1 తరువాత 10 వస్తుంది, 2 ఎక్కడో ఉంటుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. తెలుగు పేర్లు మొదటి రోజు గళ్లుగా కనిపించాయి. పాట వివరాలను నేను యూటీఎఫ్-8 అనే అక్షర సంకేతాల పద్ధతిలో రాశాను, ప్లేయర్ ఎంపీత్రీలో పాట వివరాలను దాచే ఐడీ3 పద్ధతిలో పాతదైన 2.3ను మాత్రమే చదువుతుందన్న అనుమానంతో ఒక ఎంపీత్రీ ఫైలు వివరాలను ఆ పద్ధతిలో, యూటీఎఫ్-16 అనే మరో సంకేతాల పద్ధతిలో మళ్లీ రాస్తే అక్షరాలు వచ్చాయి కానీ అవి మన అక్షరాలు కావు. 'కృష్ణ' అన్న మాటలో క పక్కన సుడి విడిగా, ష పక్కన పొల్లు విడిగా, ఆ తరువాత ణ విడిగా నిలబడ్డాయి. తెలుగు, ఒడియా లిపులు తెర మీద రావాలంటే అక్షరాల బొమ్మలు ఉంటే చాలదు. గుణింతాన్నీ వత్తునూ వాటి చోట చేర్చే ఏర్పాటు కూడా ఉండాలి, చిన్న ప్లేయర్లలో సాధారణంగా దాన్ని పెట్టరు. ఒడియా పేర్లకైతే అక్షరాల బొమ్మలు కూడా లేవు. ఇది నాకు నిజంగా బాధ కలిగించింది. మా నాన్నగారు సవర పాటల పేర్లను కేసెట్టు అట్టల మీద తెలుగు లిపిలోనే రాసుకున్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇదే ఊళ్లో ఉండి సవర భాషకు తెలుగు లిపిలో పుస్తకాలు తయారుచేశారు కనుక మా ఇంట్లో అది ఎవరికీ వింతగా తోచలేదు. మూడు భాషల పాటలు ఒకే అట్టపెట్టెలో దశాబ్దాలపాటు కలిసి ఉన్నాయి. ఇంత చేసి వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి నాకు మనసొప్పలేదు.

అందుకని నేను చేసిన ఏర్పాటు చెబుతాను, మీ నాన్నగారికి ఇది తప్పక పనికివస్తుంది. ప్రతి అరలోనూ 00 అంకెతో అయిదారు సెకన్ల ఫైలు ఒకటి వేశాను. అందులో నా గొంతుతో "అమ్మా, ఇవి హరికథలు, మొత్తం పన్నెండు" అని ఉంటుంది. ఒడియా పాటల అరకు మాత్రం పక్కింటి ఒడియా అక్కగారిని అడిగితే ఆవిడ సంతోషంగా వచ్చి ఒడియాలో చెప్పి రికార్డు చేసి వెళ్లారు. అమ్మ తెర వైపు చూడనే చూడరు. అర మారగానే గొంతు వినిపిస్తుంది, కావాలంటే వింటారు, లేకపోతే తరువాతి అరకు వెళ్తారు. ఆండ్రాయిడ్ ఉన్న ప్లేయర్లలో తెలుగు, ఒడియా రెండూ చక్కగా కనిపిస్తాయి కానీ వాటి ధర ఎక్కువ, తెర టచ్ తెర. చూపు తగ్గినవారికి చక్కగా కనిపించే పేరు కంటే వినిపించే పేరు మేలన్నది నా అభిప్రాయం.

శబ్దం పెంచే విషయంలో జాగ్రత్త అవసరం. పెద్దలు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ వరకు వినవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి పెట్టింది. వినికిడి తగ్గినవారు తెలియకుండానే దాన్ని దాటిపోతారు. ప్లేయర్ సెట్టింగ్స్‌లో గరిష్ఠ శబ్దానికి హద్దు పెట్టే వీలుంటే పెట్టండి. అన్ని కేసెట్ల శబ్దం ఒకే స్థాయికి వచ్చేటట్టు ఫైళ్లను ముందే సరిచేయండి, లేకపోతే మెల్లగా వినిపించే కేసెట్టు కోసం పెంచిన శబ్దం తరువాతి పాటలో ఒక్కసారిగా చెవిలో పడుతుంది. గుణుపురం వెళ్లే రైలులో నేను పరీక్షించి చూశాను. చెవి లోపలికి దిగే రబ్బరు ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే చక్రాల చప్పుడు చాలావరకు ఆగి, ఇంట్లో పెట్టుకునే శబ్దంతోనే పాట వినిపించింది. పైన ఆనించుకునే రకంతో శబ్దాన్ని దాదాపు రెట్టింపు అంకెకు పెంచవలసి వచ్చింది. దారిలో ఫోన్ సిగ్నల్ పోయిన చోట కూడా పాట ఆగకపోవడం చిన్న సంగతేమీ కాదు, రాయగడ నుంచి ఘాట్ల మీదుగా ప్రయాణించే మీకు అది నేను చెప్పనక్కరలేదు.

బ్యాటరీ రోజుకు మూడు గంటల వాడకంతో వారానికి రెండు సార్లు చార్జింగ్ అడుగుతోంది. బ్లూటూత్ ఉంది, పనిచేస్తుంది, మేము వాడడం లేదు. ఎఫ్ఎమ్ రేడియోకు ఇయర్‌ఫోన్ తీగే ఏరియల్ కనుక తీగ లేకుండా రాదు. మన ఇళ్లలో పెద్దలకు అలవాటైన విశాఖపట్నం, జయపురం ఆకాశవాణి కేంద్రాల మీడియం వేవ్ ప్రసారాలు ఇటువంటి ప్లేయర్‌లో రావు కనుక మీ నాన్నగారి రేడియోను మాత్రం తీసేయకండి.

కొనడానికి వెళ్లేటప్పుడు ఒక కార్డులో మూడు ఫైళ్లు వేసుకుని దుకాణానికి పట్టుకెళ్లండి: తెలుగు పేరున్న ఎంపీత్రీ ఒకటి, ఒడియా పేరున్న ఎంపీత్రీ ఒకటి, 45 నిమిషాల ఫ్లాక్ ఒకటి. మూడోదాన్ని ఇరవయ్యో నిమిషం దాకా జరిపి, ప్లేయర్‌ను పూర్తిగా ఆపి, మళ్లీ వేయండి. ఆపిన చోటినుంచి మొదలైతే తీసుకోండి. మొదటికి వెళ్తే మీ నాన్నగారు ఏ హరికథనూ చివరిదాకా వినలేరు, దాన్ని అక్కడే వదిలేసి రండి.