మంచు కొలిచే ఉద్యోగానికి చీమకుర్తి అమ్మాయి పనికొస్తుందా?

చీమకుర్తి నుంచి ఒక అన్న రాశారు. గ్రానైట్ లారీలు తూచే కాటా దగ్గర పని ఆయనది, పాప ఒంగోల్లో బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం. హిమాలయాల్లో మంచు ఎంత పడుతోంది, గాలి ఎంత స్పీడుతో కొడుతోంది అని కొలిచే సైంటిస్టుల వీడియో ఏదో చూసి నేనూ అదే చేస్తానని పట్టుపట్టిందంట, ఈయనేమో బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. "మాకు మంచు అంటే సంక్రాంతి ముందు పొద్దున్నే పొలాల మీద కనపడేదే, ఇందులో ఉద్యోగాలుంటాయా, ఆడపిల్లని అంత దూరం పంపొచ్చా" అని అడిగారు.

అన్నా, పాప చెప్పే పని మీకు బొత్తిగా తెలియనిదేం కాదు. మీ కాటా కింద బరువుని కరెంటు సిగ్నల్‌గా మార్చే లోడ్ సెల్స్ ఉంటాయి కదా, కొండల మీద మంచు కొలిచే గేజీల్లో చాలావాటికి అడుగున ఉండేది కూడా అదే. పైన ఒక బకెట్, పడిన మంచు గడ్డకట్టకుండా అందులో యాంటీఫ్రీజ్ పోసి పెడతారు, నిమిషం నిమిషానికీ బరువు ఎంత పెరిగిందో చూసి గంటకి ఇన్ని మిల్లీమీటర్ల నీళ్ళు అని లెక్క కడతారు.

మరి ఇంతోటి దానికి సైంటిస్టులెందుకు అంటే, గాలి వల్ల. మంచు రేకు వాన చినుకులా దబ్బున పడదు, తేలతా వస్తుంది, గేజీ మూతి దగ్గర గాలి పైకి లేచి దాన్ని అవతలికి నెట్టేస్తుంది. గంటకి 20 కిలోమీటర్ల గాలి ఉంటే చాలు, చుట్టూ అడ్డం లేని గేజీలో పడాల్సిన దాంట్లో సగం కూడా పడకపోవచ్చు. లారీ వెనక టైర్లు కాటా బయట ఉండగా తూచినట్టే, నంబర్ వస్తుంది కానీ అది తప్పు నంబర్. అందుకని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రమాణంగా పెట్టుకున్న ఏర్పాటులో గేజీ చుట్టూ చెక్కలతో రెండు వరసల కంచె కడతారు, బయటి కంచె ఈ చివర నుంచి ఆ చివరికి 12 మీటర్లు, ఏటవాలు కొండ మీద అంత చోటు ఎక్కడ దొరుకుద్ది? కాబట్టి గేజీ పక్కనే గాలి మీటరు కూడా పెట్టి ఆ స్పీడుని బట్టి మంచు లెక్క సరిచేస్తారు. ఆ మీటరు ఫ్యాను రకమైతే మంచు పేరుకుని ఆగిపోతుంది, అప్పుడు గాలే లేదని సున్నా రికార్డవుతుంది, అందుకే శబ్దంతో కొలిచే అల్ట్రాసోనిక్ రకం, అదీ హీటరు ఉన్నది వాడతారు.

నాకు భలే నచ్చింది హాట్‌ప్లేట్ గేజీ. పళ్ళెం అంత రెండు ప్లేట్లు, ఒకటి పైకి చూస్తా ఒకటి కిందకి చూస్తా, రెండిటినీ 75 డిగ్రీల దరిదాపుల్లో వేడిగా ఉంచుతారు. గాలికి రెండూ చల్లారతాయి, మంచు మాత్రం పైదాని మీదే పడి కరుగుద్ది, కాబట్టి పైప్లేటుకి ఎక్కువ కరెంటు కావాలి. ఆ తేడాని బట్టి మంచు ఎంత పడుతోందో, కింది ప్లేటు తాగే కరెంటుని బట్టి గాలి ఎంతుందో చెప్తారు. ఒక్క దెబ్బకి రెండూ!

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ ఫీల్డుకి కావాల్సింది మంచు చూసిన కళ్ళు కాదు, మిషన్ ఎక్కడ అబద్ధం చెప్తుందో పట్టుకునే బుర్ర. అది ఒంగోల్లో కూర్చునీ నేర్చుకోవచ్చు. ఈసారి తూనికలు కొలతల శాఖ వాళ్ళు మీ కాటా స్టాంపింగ్‌కి వచ్చినప్పుడు పాపని పక్కన నిలబెట్టండి. తర్వాత ఒక చిన్న లోడ్ సెల్, ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు కొనుక్కుని మేడ మీద వాన గేజీ చేసుకోమనండి, పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని ఆ డేటా గ్రాఫులు గీయమనండి. సెలవుల్లో తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల నార్ల్‌కి ప్రాజెక్టు కోసం కాలేజీ లెటర్‌తో రాయమనండి, అక్కడ వాన చినుకుల సైజులు, పై గాలులు కొలుస్తారు.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్తా. ఒక్క మంచు మీదే అంటే మన దేశంలో పోస్టులు చాలా తక్కువ. చండీగఢ్‌లో డీఆర్‌డీఓ వాళ్ళ డీజీఆర్ఈ అనే ల్యాబు ఉంది, కొండల మీంచి మంచు చరియలు విరిగిపడటం మీద పని. గోవాలోని ధ్రువ ప్రాంతాల పరిశోధన సంస్థ ఎన్సీపీఓఆర్ వాళ్ళు 2016లో హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితిలో 13,500 అడుగుల ఎత్తున హిమాంశ్ అనే స్టేషన్ పెట్టారు. ఇవి కాక డెహ్రాడూన్‌లో హిమాలయాల భూగర్భ శాస్త్రం చూసే వాడియా సంస్థ, రూర్కీలో నీటి వనరుల మీద పనిచేసే ఎన్ఐహెచ్. కానీ ఇదే విద్య వాతావరణ శాఖలో, ఎయిర్‌పోర్టుల్లో, చెన్నైలోని పవన శక్తి సంస్థలో కూడా పనికొస్తుంది. బీఎస్సీ ఫిజిక్స్ ఫస్ట్ క్లాసుతోనే వాతావరణ శాఖ (ఐఎండీ) సైంటిఫిక్ అసిస్టెంట్‌కి రాయొచ్చు, 2022లో 990 పోస్టులు పడ్డాయి, కాకపోతే ఆ నోటిఫికేషన్ ఏటా రాదు, దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు.

ఆడపిల్ల అన్నారు. 1983లోనే మన దేశం నుంచి ఇద్దరు మహిళా సైంటిస్టులు అంటార్కిటికా వెళ్ళొచ్చారన్నా, సుదీప్తా సేన్‌గుప్తా, అదితి పంత్. పైగా ఏడాదంతా కొండల్లో ఉండరు, ఎక్కువ కాలం ల్యాబులోనో కంప్యూటర్ ముందో గడుస్తుంది. అంత ఎత్తుకి ఆరోగ్యం సహకరించాలి, అది మాత్రం డాక్టర్ చూడాల్సిందే.

బీఈడీ ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ తర్వాత కూడా చెయ్యొచ్చు. ముందు ఆంధ్రా యూనివర్సిటీలో మెటియరాలజీయో (వాతావరణ శాస్త్రం), లేకపోతే ఐఐటీల ఎమ్మెస్సీ ఎంట్రన్స్ జామ్ రాసి ఐఐటీలో ఫిజిక్సో చూడండి. జామ్ అప్లికేషన్లు మామూలుగా సెప్టెంబర్‌లో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో, ఫైనల్ ఇయర్ వాళ్ళూ రాయొచ్చు. కోచింగని వెంటనే లక్షలు కట్టకండి, పాత పేపర్లు ఆన్‌లైన్‌లో ఊరికే దొరుకుతాయి, ముందు ఒక రెండు పేపర్లు టైం పెట్టుకుని చెయ్యమనండి, మార్కులు చూసి మాట్లాడుకుందాం.