రెఫరెండానికి పరిశీలకురాలిగా వెళ్తున్న అమ్మలుకి

అమ్మలూ,

స్వాతంత్ర్యం కావాలా వద్దా అనే రెఫరెండానికి పరిశీలకురాలిగా వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. అక్కడ టెన్షన్‌గా ఉందనీ, ఓటర్లను బెదిరిస్తున్నారని వార్తలొస్తున్నాయనీ, ఏం చూడాలో ఎలా మసలుకోవాలో చెప్పమనీ నువ్వు మెసేజ్ పెట్టావు. ఇది ఫోన్లో తేలే సంగతి కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం మనసులో నాటుకోనివ్వు. మామూలు ఎన్నికల్లో ఓడినవాళ్లు నాలుగైదేళ్లు ఓపిక పడితే మళ్లీ అవకాశం వస్తుంది. రెఫరెండంలో తీర్పు ఒక్కసారే వస్తుందని జనం అనుకుంటారు. అందుకే ఓటరు మనసంతా పోలింగ్ మర్నాటి మీద ఉంటుంది. ఫలితం తేలాక మా వీధిలోకి ఎవరొస్తారు? నా ఉద్యోగం ఉంటుందా? నన్ను ఈ దేశం మనిషి అంటారా? బెదిరించేవాడు పట్టుకునేది సరిగ్గా ఆ మర్నాటినే. నువ్వు బూత్ దగ్గర గొడవ కోసం వెతుకుతూ కూర్చుంటే అసలు సంగతి నీ కళ్లబడదు.

నాకు ఇది తెలిసింది 1999లో, తూర్పు తిమోర్‌లో ఐక్యరాజ్య సమితి తరఫున ఓటర్ల నమోదు పనికి వెళ్లినప్పుడు. ఆ ఏడాది మే 5న, అప్పట్లో దాన్ని తన అధీనంలో ఉంచుకున్న ఇండోనేసియా, అంతకుముందు పాలించిన పోర్చుగల్ న్యూయార్క్‌లో ఒప్పందం చేసుకున్నాయి. ఇండోనేసియాలోనే ఉండి ప్రత్యేక స్వయంప్రతిపత్తి తీసుకుంటారా, దాన్ని కాదని విడిపోతారా అన్నది ప్రజలే తేల్చాలి. కానీ భద్రత బాధ్యత ఇండోనేసియా పోలీసుల చేతుల్లోనే ఉంచారు. అక్కడి సైన్యం అండతో పెరిగిన మిలీషియా ముఠాలు ఊళ్ల మీద పడుతుంటే పోలీసులు పక్కకు తిరిగి నిలబడేవాళ్లు. ఏప్రిల్ 6న లికిసా అనే ఊళ్లో చర్చిలో తలదాచుకున్న జనాన్నే నరికి చంపారు. ఐరాస పోలీసు సలహాదారుల దగ్గర ఆయుధాలు లేవు. ఆగస్టు 8న జరగాల్సిన ఓటింగ్ వాయిదాలు పడి చివరికి ఆగస్టు 30కి వచ్చింది.

నమోదు కేంద్రంలో ఒక రోజు సంగతి చెబుతాను. రోడ్డుకు అవతల చెట్టు కింద ఇద్దరు మగవాళ్లు నిలబడి ఉన్నారు. ఒకడి చేతిలో నోట్‌బుక్. ఎవరినీ ఏమీ అనడం లేదు, లైన్ దగ్గరికి రావడం లేదు. లైన్లో ప్రతి మనిషీ తన వంతు వచ్చినప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి ఆ చెట్టు వైపు చూస్తున్నారు. ఒకావిడ తన కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి తెచ్చింది. నమోదు కార్డు చేతికిచ్చాక ఆ కవర్లో పెట్టుకోలేదు. చంకలో ఉన్న పసిబిడ్డకు చుట్టిన గుడ్డ మడతలోకి తోసేసింది. దారిలో సంచులు వెతుకుతారు, పసిబిడ్డను వెతకరు.

ఆ రోజు రిపోర్టులో 'సంఘటనలేమీ లేవు' అని రాసినా తప్పుపట్టేవాళ్లు లేరు. ఎవరూ ఎవరినీ కొట్టలేదు కదా. నేను ఆ నోట్‌బుక్ గురించే రాశాను. ఎన్ని గంటలకు వచ్చారు, ఎంత దూరంలో నిలబడ్డారు, లోపలికి వెళ్తున్నవాళ్లను ఎలా చూస్తున్నారు, కాపలాకున్న పోలీసులు వాళ్లను పలకరించారా, పంపించేశారా. నువ్వూ అలాగే రాయి. దెబ్బ తగిలితేనే బెదిరింపు అనుకునే పరిశీలకులు చాలామంది ఉంటారు, వాళ్ల రిపోర్టులు చదివితే ఊరంతా ప్రశాంతంగా ఉన్నట్టే ఉంటుంది.

పోలింగ్ శాతం చూసి మోసపోకు. ఆగస్టు 30న 98.6 శాతం మంది ఓటేశారు. తెల్లవారక ముందే వచ్చి లైన్లలో నిలబడ్డారు, ఓటేసి చాలామంది ఇళ్లకు కూడా పోకుండా కొండల్లోకి వెళ్లిపోయారు. 78.5 శాతం మంది విడిపోవడానికే మొగ్గారు. ఆ అంకెలు జనం ధైర్యానికి సాక్ష్యం. భయం లేదనడానికి మాత్రం వాటిని ఎవరైనా వాడితే ఒప్పుకోకు.

కాబట్టి వీలైనంత ముందు వెళ్లు. ఓటర్ల జాబితా తయారవుతున్నప్పుడే భయం మొదలవుతుంది. 'ఇక్కడ బెదిరింపులు ఉన్నాయా' అని అడిగితే ఎవరైనా లేవనే అంటారు. రోజువారీ జీవితం గురించి అడుగు. రాత్రిళ్లు సొంతింట్లో పడుకోవడం మానేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? సాయంత్రం ఎన్నింటికి వీధి ఖాళీ అవుతోంది, ఎప్పటినుంచి? టీచర్లను, గుమాస్తాలను ఏదైనా సభకు రమ్మన్నారా, రాకపోతే పేరు రాసుకున్నారా? గుర్తింపు కార్డులు ఎవరైనా 'భద్రంగా ఉంచుతాం' అని తీసుకెళ్లారా? జవాబులు వాటంతటవే వస్తాయి. ప్రభుత్వ ఉద్యోగుల మీద ఒత్తిడిని ప్రత్యేకంగా చూడు. తిమోర్‌లో జీతం, ఉద్యోగం అడ్డం పెట్టుకుని వాళ్లను ఒక వైపు ప్రచారానికి తిప్పారు. దానికి కత్తి అక్కర్లేదు, హాజరు పట్టీ చాలు.

బెదిరింపు ఒక్కోసారి మైకు ముందు నుంచే వస్తుంది. దక్షిణ సూడాన్ రెఫరెండానికి ముందు, 2010లో, సూడాన్ సమాచార శాఖ మంత్రే బాహాటంగా మాట్లాడాడు. దక్షిణం విడిపోతే ఉత్తరాన ఉన్న దక్షిణాదివాళ్లకు పౌరసత్వ హక్కులు ఉండవనీ, రాజధాని ఖార్టూమ్ ఆసుపత్రిలో ఒక సూది మందు కూడా దొరకదనీ అన్నాడు. అలాంటి ప్రసంగాల తేదీ, చోటు, మాటలు యథాతథంగా ఎత్తిరాసుకో. అదే రెఫరెండంలో, 2011 జనవరిలో, 98.83 శాతం మంది విడిపోదామన్నారు. ఊరంతా ఒకే మాట మీద ఉన్నచోట రెండో మాట అనుకునేవాడు నోరు విప్పగలడా అన్నది కూడా నీ పనే. నీకు న్యాయంగా తోచిన పక్షం వాళ్లు చేసినా బెదిరింపు బెదిరింపే. ఇది గుర్తుంచుకోవడం చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే అక్కడ నాలుగు రోజులుంటే నీకూ ఒక పక్షం మీద మనసు పోతుంది.

ఓటు రహస్యం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పిరికివాడినైనా లైన్లో నిలబెట్టగలిగేది అదొక్కటే. బెదిరించేవాళ్లకు కూడా ఈ సంగతి తెలుసు. అందుకే 'మీరు ఎటు వేశారో మాకు తెలిసిపోతుంది' అనే పుకారు ప్రతిచోటా పుడుతుంది. బ్యాలెట్ మీద నంబరుందనో, కెమెరా ఉందనో, లోపల మనవాడే కూర్చున్నాడనో అంటారు. తిమోర్‌లో దీనికి మంచి ఉపాయం చేశారు. ఊళ్లవారీగా లెక్కపెట్టలేదు. అన్ని జిల్లాల పెట్టెలూ రాజధాని దిలీకి తెచ్చి, బ్యాలెట్లు కలిపేసి లెక్కించి, మొత్తానికి ఒకే ఫలితం ప్రకటించారు. ఏ ఊరు ఎటు వేసిందో ఎవరికీ తెలియదు, కాబట్టి 'మీ ఊరి పని పడతాం' అనడానికి ఆధారం ఉండదు. నువ్వు వెళ్లేచోట లెక్కింపు ఏ స్థాయిలో జరుగుతుందో మొదటి రోజే కనుక్కో. చిన్న బూత్‌లో, రెండు వందల మంది ఓటర్ల ఫలితాన్ని గోడ మీద అంటిస్తే పారదర్శకత బాగానే ఉంటుంది గానీ ఆ రెండు వందల మంది గుట్టూ బయటపడుతుంది. రెండింటిలో ఏది ముఖ్యమో ఆ చోటుని బట్టి ఉంటుంది. మనుషుల్ని చంపుతున్నచోట నా ఓటు రహస్యానికే.

ఇంకో మెలిక ఉంది. ఒక పక్షం బహిష్కరణకు పిలుపునిస్తే బ్యాలెట్ ఎంత రహస్యమైనా లాభం లేదు. ఆ వీధిలోంచి బూత్ దాకా నడవడమే ఎటు వేస్తున్నావో చెప్పేస్తుంది. 1973లో ఉత్తర ఐర్లండ్‌లో, 2021 డిసెంబర్‌లో ఫ్రాన్స్ కింద ఉన్న న్యూ కాలెడోనియా దీవుల్లో అలా బహిష్కరణలు జరిగాయి. న్యూ కాలెడోనియాలో పోలింగ్ 44 శాతానికి కూడా చేరలేదు, వేసినవాళ్లలో 96 శాతానికి పైగా స్వాతంత్ర్యం వద్దన్నారు. ఇంట్లో కూర్చున్నవాళ్లలో ఎవరు ఇష్టంతో కూర్చున్నారు, ఎవరు ఇరుగుపొరుగుకు జడిసి కూర్చున్నారు? ఇలాంటిచోట బూత్ దగ్గర నిలబడితే తెలియదు. రాని వాళ్ల వీధుల్లోకి వెళ్లాలి.

వేడికీ భయానికీ తేడా తెలుసుకో. 2014లో స్కాట్లండ్‌ రెఫరెండం అప్పుడు ఇళ్లలో, ఆఫీసుల్లో, బస్సుల్లో వాదనలే వాదనలు. బ్రిటన్‌తోనే ఉండాలని ప్రచారం చేస్తున్న ఎంపీ జిమ్ మర్ఫీ మీద కిర్కాల్డీలో గుడ్డు విసిరారు, ఆయన కొన్నాళ్లు వీధి సభలు ఆపేశాడు. అది తప్పే, రాయాల్సిందే. కానీ పోలీసు సిబ్బంది సంఘమే ముందుకొచ్చి చర్చ చాలావరకు సామరస్యంగా సాగుతోందనీ, చిన్నాచితకా గొడవల్ని పెద్దవి చేయొద్దనీ ప్రకటించింది. 84.6 శాతం మంది వెళ్లి ఓటేశారు. అరుచుకోవడం ప్రజాస్వామ్యంలో భాగం. అరిచినవాడు రేపు ఉదయం అదే వీధిలో నిశ్చింతగా తిరగగలడా అని చూడు, తేడా తెలిసిపోతుంది. దీనికి పూర్తిగా ఎదురు, 2017 అక్టోబర్ 1న స్పెయిన్‌లోని కాటలోనియా. రాజ్యాంగ న్యాయస్థానం ఆపమన్న రెఫరెండం అది. పోలీసులు బూత్‌లుగా పెట్టిన స్కూళ్లలోకి చొరబడి పెట్టెలు లాక్కున్నారు, అడ్డుపడినవాళ్లను లాఠీలతో కొట్టారు. అక్కడ యూనిఫాం వేసుకున్నవాళ్లే గుమ్మంలోకి వచ్చారు. పోలింగ్ చట్టబద్ధమా కాదా అని తేల్చేది కోర్టులు. ఎవరు ఎవరిని ఎంత దెబ్బ కొట్టారో రాసేది నువ్వు.

నీ నడవడి గురించి. కారు ఒకే ఇంటి ముందు ఆపకు. నువ్వు వెళ్లాక ఆ ఇంటికి ఎవరొచ్చి ఏం అడుగుతారో నీకు తెలియదు. ఒక ఇంటికి పని ఉంటే ఆ వీధిలో ఐదారిళ్లు పలకరించు, పని లేని ఇంట్లోనే ఎక్కువసేపు కూర్చో. లైన్లో నిలబడ్డవాళ్ల ఫొటోలు తియ్యకు, తీసి పోస్ట్ చెయ్యడం గురించి చెప్పనే అక్కర్లేదు. ఎటు వేస్తున్నారని ఎప్పుడూ అడగకు, వాళ్లంతట వాళ్లు చెప్పబోయినా మాట మార్చు. నోట్‌బుక్‌లో పేర్లు రాయకు. చెక్‌పోస్టులో అది ఎవరైనా లాక్కోవచ్చనుకునే ప్రతి పేజీ రాయి. చూసింది వేరే, విన్నది వేరే పేజీలో ఉండాలి. విన్నదైతే ఎంతమంది నోట, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా విన్నావో రాయి. 2005లో ఐరాసలో ప్రకటించిన అంతర్జాతీయ ఎన్నికల పరిశీలన సూత్రాలు ఉన్నాయి, విమానంలో చదువుకో, చిన్న పత్రమే.

ఇక మాట ఇవ్వడం గురించి. ఎవరైనా నీ చెయ్యి పట్టుకుని 'ఓటేశాక మీరు ఉంటారుగా' అని అడుగుతారు. ఉంటామని అనబుద్ధేస్తుంది. తిమోర్‌లో ఓటు తర్వాత కూడా ఐరాస ఇక్కడే ఉంటుందని జనానికి చెప్పాం. సెప్టెంబర్ 4 ఉదయం దిలీలో ఫలితం ప్రకటించాక ఊళ్లు తగలబెట్టడం మొదలైంది. వెయ్యి మందికి పైగా చనిపోయారు, రెండు లక్షల మందికి పైగా పశ్చిమ తిమోర్‌కు తరలిపోయారు, తరిమేశారు. మమ్మల్ని జిల్లాల నుంచి వెనక్కి లాగేశారు. దిలీలోని ఐరాస ఆవరణలో చేరిన శరణార్థుల్ని వదిలి రామని కొందరు సిబ్బంది మొండికేశారు కాబట్టే చివరికి వాళ్లను కూడా విమానాల్లో ఆస్ట్రేలియాలోని డార్విన్‌కు చేర్చారు. ఆస్ట్రేలియా నాయకత్వంలో అంతర్జాతీయ సైన్యం దిగింది సెప్టెంబర్ 20న. నీ ఒప్పందం ఏ తేదీతో ముగుస్తుందో ఆ తేదీ చెప్పు, అంతకు మించి ఒక్క రోజు కూడా నీ నోట రానివ్వకు. నిజం తెలిస్తే వాళ్లు తమ జాగ్రత్త తాము పడతారు. అలాగని ఫలితం రాకముందే తిరుగు టికెట్ కొనకు. మీ బృందం పోలింగ్ మర్నాడే బయల్దేరేట్టు ప్లాన్ చేస్తే గట్టిగా అడ్డు చెప్పు. చూడాల్సింది అప్పుడే మొదలవుతుంది.

ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఒక్క పని చెయ్యి. మీకు పెట్టబోయే దుభాషి, డ్రైవర్ స్థానికులే అయి ఉంటారు. నీకు విమానం ఉంటుంది, వాళ్లకు ఉండదు. తిమోర్‌లో పోలింగ్ రోజునే ఎర్మెరా జిల్లాలో ఐరాస స్థానిక సిబ్బందిని పొడిచి చంపారు. పరిస్థితి చెడితే వాళ్లనూ, వాళ్ల కుటుంబాలనూ ఎక్కడికి, ఏ బండిలో, ఎవరి బాధ్యత మీద తరలిస్తారో రాతపూర్వకంగా అడుగు. 'అప్పుడు చూద్దాం' అన్నారంటే ఆ జవాబు ఎవరు చెప్పారో పేరుతో సహా నాకు మెయిల్ చెయ్యి. ఆ సంస్థల్లో నాకు తెలిసినవాళ్లు ఇంకా కొందరున్నారు, నువ్వు బయల్దేరేలోపే వాళ్లతో మాట్లాడతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ